స్వయంసేవా రవాణా సేవలు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు

వాహనాల రిజిస్ట్రేషను, డ్రైవింగ్ లైసెన్సు పనులను కౌంటరు దగ్గర సిబ్బంది చేత చేయించుకోకుండా దరఖాస్తుదారే యంత్రం మీద గాని, కంప్యూటరులో గాని, ఫోనులో గాని పూర్తిచేసుకునే ఏర్పాటును స్వయంసేవా రవాణా సేవ అంటారు. దీనికి ప్రపంచంలో పేరుపడిన రూపం కియోస్కు. తాకుతెర, పత్రాలను చదివే స్కానరు, కెమెరా, కార్డుతో గాని క్యూఆర్ కోడుతో గాని సొమ్ము కట్టే సాధనం, రసీదు అచ్చువేసే ప్రింటరు ఒకే పెట్టెలో ఇమిడి, ఆ పెట్టె శాఖ కేంద్ర డేటాబేసుకు అనుసంధానమై ఉంటే అది పూర్తి కియోస్కు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్వయంసేవ ఈ పెట్టె రూపంలో కంటే, దాని భాగాలు విడివిడిగా ఊళ్లకు చేరిన రూపంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. పరీక్ష రాసే కంప్యూటరు ఆర్టీవో ఆఫీసులో ఉంటుంది. స్కానరు, ప్రింటరు నెట్ సెంటర్లో దొరుకుతాయి. సొమ్ము కట్టే సాధనం జేబులోని ఫోను. సందేహం తీర్చే మనిషి మీసేవ కేంద్రంలోనో, గ్రామ సచివాలయంలోనో ఉంటాడు. అందువల్ల ఈ ప్రాంతానికి సంబంధించి కియోస్కును ఒక్క యంత్రంగా కాక, ఈ చోట్లన్నీ కలిసి చేసే పనిగా వివరించడమే సరైనది.

కార్యక్షేత్రం (చూ. ఉత్తరాంధ్ర, జిల్లాల పునర్విభజన)

శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల భాగాలతో ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో విజయనగరం నుంచి పార్వతీపురం, సాలూరు, కురుపాం ప్రాంతాలు, శ్రీకాకుళం నుంచి పాలకొండ, సీతంపేట ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలో కలిశాయి. 1979కి ముందు సాలూరు శ్రీకాకుళం జిల్లాలోది. ఊరు కదలకుండానే సాలూరు లారీ యజమాని ఫైలు ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు మారుతూ వచ్చింది. రికార్డు ఆఫీసు బీరువాలో కాక కేంద్రీకృత డేటాబేసులో ఉండడం ఎందుకు అవసరమో ఈ ప్రాంత పరిపాలనా చరిత్రే చెబుతుంది.

1989లో దేశమంతటా కొత్త నంబరు పద్ధతి వచ్చినప్పుడు శ్రీకాకుళానికి ఏపీ 30, విజయనగరానికి ఏపీ 35 సంకేతాలు దక్కాయి. 2019 జనవరి చివర రాష్ట్రం మొత్తానికి ఏపీ 39 అనే ఒకే సంకేతం మొదలైంది. అంతకుముందు నంబరు పలక చూస్తే బండి ఏ జిల్లాదో తెలిసేది, కొత్త పలకల్లో ఆ గుర్తు లేదు. పాత నంబర్లు మాత్రం చెల్లుతూనే ఉన్నాయి. అందుకే మన్యం జిల్లాలో పాలకొండ వైపు ఏపీ 30 బండ్లు, పార్వతీపురం వైపు ఏపీ 35 బండ్లు, వాటి మధ్య ఏపీ 39 బండ్లు కలిసి తిరుగుతాయి.

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఉప రవాణా కమిషనర్ల కార్యాలయాలున్నాయి. దూరపు పట్టణాల ప్రజలకు మోటారు వాహన తనిఖీ అధికారి కార్యాలయమే దగ్గరిది. ఈ అధికారిని జనం ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి పదహారో నంబరు జాతీయ రహదారి మీద నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం. భామిని, గుమ్మలక్ష్మీపురం, మక్కువ వంటి కొండవార మండలాల వారికి కిలోమీటర్ల కంటే బస్సు వేళలే పెద్ద అడ్డు. చిరునామా మార్పు వంటి చిన్న పనికి ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోయేవి. స్వయంసేవ విలువను ఇక్కడ ఆ కూలితోనే లెక్కకట్టాలి.

చట్టపరమైన ఆధారం (చూ. మోటారు వాహనాల చట్టం, 1988)

దేశమంతటికీ వర్తించే తొలి మోటారు వాహనాల చట్టం 1914లో, రెండోది 1939లో వచ్చాయి. ఇప్పుడు అమలులో ఉన్న 1988 నాటి చట్టం 1989 జులై 1 నుంచి అమలైంది. దాని కింద కేంద్ర నిబంధనలు, రాష్ట్ర నిబంధనలు ఉన్నాయి. పన్ను వసూలుకు ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్ను చట్టం, 1963 ఆధారం. లైసెన్సుల నియమాలు, ఫీజులు చాలావరకు కేంద్రం నిర్ణయిస్తుంది. పన్ను రాష్ట్రానిది. దరఖాస్తుదారు ఒకే తెర మీద కట్టే మొత్తంలో ఈ రెండూ కలిసే ఉంటాయి.

స్వయంసేవకు చట్టంలో దారి తెరిచింది 2019 సవరణ. దాని ప్రకారం రాష్ట్రంలోని ఏ లైసెన్సు అధికారి దగ్గరైనా లైసెన్సుకు, ఏ రిజిస్ట్రేషను అధికారి దగ్గరైనా రిజిస్ట్రేషనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కొత్త బండి రిజిస్ట్రేషను దరఖాస్తును డీలరే పంపాలి. 2021 మార్చి 3న కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ఆధార్ ధ్రువీకరణతో ఆఫీసుకు రాకుండా పొందగల 18 సేవలను ప్రకటించింది. వాటిలో ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు), పరీక్ష అవసరం లేని లైసెన్సు రెన్యువల్, డూప్లికేటు లైసెన్సు, చిరునామా మార్పు, డూప్లికేటు ఆర్‌సీ (రిజిస్ట్రేషను ధ్రువపత్రం), నిరభ్యంతర పత్రం, యాజమాన్య బదిలీ దరఖాస్తు, ఫైనాన్సు నమోదు, దాని రద్దు ఉన్నాయి. 2022 సెప్టెంబరులో ఈ సంఖ్యను 58కి పెంచారు. ఆధార్ లేనివారు, ఇవ్వడానికి ఇష్టపడనివారు మరో గుర్తింపు పత్రంతో నేరుగా ఆఫీసుకు వెళ్లే హక్కు అలాగే ఉంది. ఈ సంగతి ప్రజలకు చేరవలసినంతగా చేరలేదు.

ఎలక్ట్రానిక్ పత్రాల చెల్లుబాటు మరో ముఖ్యమైన మార్పు. 2018లో కేంద్ర నిబంధనలను సవరించి లైసెన్సు, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రాలను ఎలక్ట్రానిక్ రూపంలో చూపినా సరిపోతుందన్నారు. 2015లో మొదలైన డిజిలాకర్‌లోనో, కేంద్ర రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లోనో ఉన్న పత్రానికి కాగితంతో సమానమైన విలువ ఉంది. కాగితాన్ని ఫోటో తీసి ఫోనులో దాచుకుంటే ఈ విలువ రాదు.

చరిత్ర

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలో కంప్యూటరీకరణ ‘ఫాస్ట్’ అనే పథకంతో ఊపందుకుంది. రవాణా శాఖ సేవలన్నిటినీ పూర్తిగా యాంత్రికం చేయాలన్నది దాని ఉద్దేశం. చేతిరాత రిజిస్టర్ల స్థానంలో కంప్యూటరు రికార్డులు, కాగితపు లైసెన్సుల స్థానంలో కార్డులు ఆ క్రమంలోనే వచ్చాయి. అయితే ఆ దశలో కంప్యూటరు కౌంటరుకు అవతలే ఉండేది. దాన్ని వాడేది గుమాస్తా, ఎదురు చూసేది దరఖాస్తుదారు.

కౌంటరును ఆఫీసు బయటికి తెచ్చింది ఈసేవ. 1999 డిసెంబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ట్విన్స్ పేరుతో మొదలైన ప్రయోగం 2001 ఆగస్టులో ఈసేవగా మారింది. 2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవ ఆ తరువాత అన్ని జిల్లాలకూ విస్తరించింది. డిజిటల్ సంతకంతో ధ్రువపత్రం జారీ చేయడం మీసేవ తెచ్చిన అసలు మార్పు. అధికారి సంతకం కోసం ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడే అవసరం చాలా పనులకు దానితోనే తీరింది.

రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ రాష్ట్ర ప్రభుత్వ ఈ-ప్రగతి వేదిక మీద తన సొంత పౌర సేవల పోర్టల్ నడిపింది. దేశంలోని చాలా రాష్ట్రాలు అప్పటికే జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం తయారుచేసిన వాహన్, సారథి వ్యవస్థల్లో చేరాయి. వాహన్ బండ్ల రికార్డుకు, సారథి లైసెన్సుల రికార్డుకు ఉద్దేశించినవి. కొన్నేళ్లు విడిగా నడిచాక ఆంధ్రప్రదేశ్ కూడా వాటిలోకి మారింది. సరిహద్దు జిల్లాలైన శ్రీకాకుళం, మన్యం ప్రాంతాలకు ఈ మార్పు వల్ల మేలు మిగతా జిల్లాల కంటే ఎక్కువ. ఒడిశా బండి రికార్డు, ఆంధ్ర బండి రికార్డు ఒకే చోట కనిపించడం వీలైంది.

తెలంగాణ ఇదే కాలంలో వేరే దారిలో నడిచింది. 2016లో ఆర్‌టీఏ ఎం-వాలెట్ యాప్‌తో పత్రాలను ఫోనులోకి తెచ్చింది. 2020 జులైలో ‘ఫెస్ట్’ పేరుతో, ముఖాన్ని పోల్చిచూసే పద్ధతితో ఆఫీసుకు రానక్కరలేని సేవలు మొదలుపెట్టింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థ ప్రారంభమైంది. రాష్ట్రంలో సుమారు పదిహేను వేల సచివాలయాలు ఏర్పడ్డాయి. ప్రతి చోటా డిజిటల్ అసిస్టెంటు ఉద్యోగం, కంప్యూటరు, ప్రింటరు వచ్చాయి. 2023లో రవాణా శాఖ లైసెన్సు, ఆర్‌సీ కార్డుల ముద్రణ ఆపి డిజిటల్ పత్రాలనే ఇచ్చింది. కార్డు చేతిలో ఉండాలన్న కోరిక జనంలో బలంగా ఉండడంతో, ఇతర రాష్ట్రాల్లో తనిఖీల దగ్గర కార్డు అడిగే అలవాటు పోకపోవడంతో కార్డుల జారీ మళ్లీ మొదలైంది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మనమిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 ప్రభుత్వ సేవలను ప్రారంభించింది. ప్రత్యేక యంత్రం గాని, ప్రత్యేక యాప్ గాని లేకుండా జనం అప్పటికే వాడుతున్న దానిలోకే సేవను తీసుకురావడం దీని పద్ధతి.

రూపాలు

ఎవరి సాయమూ లేకుండా ఫోనులో చేసుకోవడం మొదటి రూపం. పరివాహన్ పోర్టల్, ఎంపరివాహన్, డిజిలాకర్ దీనికి సాధనాలు. చదువుకున్న యువత, ఉద్యోగులు వీటినే వాడతారు. పన్ను కట్టడం, ఎల్‌ఎల్‌ఆర్ దరఖాస్తు, డ్రైవింగ్ పరీక్షకు స్లాటు, చలానా చెల్లింపు దీనిలో జరిగే పనులు.

సాయంతో కూడిన స్వయంసేవ రెండోది. మీసేవ, కేంద్ర పథకం కింద నడిచే కామన్ సర్వీస్ సెంటరు, గ్రామ సచివాలయం, అధికారిక గుర్తింపు ఏదీ లేని నెట్ సెంటరు ఈ కోవలోకి వస్తాయి. దరఖాస్తుదారు పక్కన కూర్చుంటాడు, ఓటీపీ చెబుతాడు. వివరాలు నింపేది ఆపరేటరు. లెక్కల్లో ఇది ఆన్‌లైన్ దరఖాస్తుగానే నమోదవుతుంది. మండల కేంద్రాల్లో వాస్తవంగా కియోస్కు పని చేస్తున్నది ఈ నెట్ సెంటర్లే. స్వయంసేవ చరిత్ర రాసేవారు యంత్రాల గురించే రాసి ఈ ఆపరేటర్లను వదిలేస్తే ఉత్తరాంధ్రకు సంబంధించినంతవరకు అది సగం చరిత్రే అవుతుంది.

డీలరు షోరూం మూడో రూపం. కొత్త బండి కొన్నవారికి తాత్కాలిక నంబరు, జీవితకాల పన్ను, శాశ్వత రిజిస్ట్రేషను దరఖాస్తు, 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు తప్పనిసరైన హై సెక్యూరిటీ నంబరు పలక అక్కడే పూర్తవుతాయి. నచ్చిన నంబరు కావాలనుకునేవారు ఆన్‌లైన్ వేలంలో పాల్గొంటారు. ఆఫీసు లోపల పెట్టిన పరీక్ష కంప్యూటర్లు నాలుగో రూపం.

పనిచేసే తీరు

రూపం ఏదైనా లోపల జరిగేది ఒకటే. ముందు దరఖాస్తుదారు ఎవరో తేలాలి: ఆధార్ నంబరు ఇస్తే దానికి లంకె ఉన్న ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోటో దరఖాస్తులోకి వచ్చి చేరతాయి. తరువాత వ్యవస్థ బండి నంబరును, చాసిస్ నంబరు చివరి అయిదు అంకెలను అడిగి వాహన్‌లోని రికార్డుతో పోల్చి చూస్తుంది. బాకీ పన్ను, కట్టని చలానా, పోలీసు కేసు, ఫైనాన్సు నమోదు ఉంటే తెర మీద తేలుతుంది. ఫీజు కట్టగానే దరఖాస్తు నంబరు వస్తుంది. ఆ నంబరుతో దరఖాస్తు ఎవరి దగ్గర ఆగిందో చూసుకోవచ్చు. చివరికి ఆమోదించేది మాత్రం అధికారే. యంత్రం దరఖాస్తును అధికారి ముందు పెట్టగలదు గాని, ఆయన నిర్ణయాన్ని తాను తీసుకోలేదు.

కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కు ఒక్కో వాహన తరగతికి 150 రూపాయలు, పరీక్షకు 50. డ్రైవింగ్ పరీక్షకు 300, లైసెన్సు జారీకి 200 రూపాయల ఫీజు. రిజిస్ట్రేషనుకు మోటారు సైకిలుకు 300, సొంత కారుకు 600. యాజమాన్య బదిలీకి, చిరునామా మార్పుకు అందులో సగం. రాష్ట్ర సేవా రుసుము, కార్డు, తపాలా ఖర్చు వేరు. పదిహేనేళ్లు దాటిన బండి రిజిస్ట్రేషను రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు సైకిలుకు 1,000, కారుకు 5,000 రూపాయలైంది. ఇరవయ్యేళ్లు దాటిన బండ్లకు 2025లో ఇంకా పెరిగింది. ఈ మొత్తాలు తెర మీదా రసీదులోనూ అంశాలవారీగా కనిపించడం స్వయంసేవలోని పెద్ద లాభం. ఏది సర్కారు ఫీజో, ఏది ఏజెంటు కూలో దరఖాస్తుదారుకు తెలియని రోజుల్లో ఈ రెండూ ఒకే మొత్తంగా చేతులు మారేవి.

పరీక్షలు (చూ. ఎల్‌ఎల్‌ఆర్, డ్రైవింగ్ పరీక్ష)

ఎల్‌ఎల్‌ఆర్ కోసం రాసే పరీక్షలో రోడ్డు గుర్తులు, నియమాలు, డ్రైవరు బాధ్యతల మీద ప్రశ్నలుంటాయి. తెలుగులో రాయవచ్చు. ఉత్తీర్ణతకు 60 శాతం సరైన జవాబులు కావాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజులు గడిచాక డ్రైవింగ్ పరీక్షకు వెళ్లవచ్చు. గేర్లు లేని 50 సీసీ లోపు బండికి పదహారేళ్లు, మిగతా సొంత వాహనాలకు పద్దెనిమిది, రవాణా వాహనాలకు ఇరవై ఏళ్లు నిండాలి.

డ్రైవింగ్ పరీక్షను ఏ తెరా తీర్చలేదు. ద్విచక్ర వాహనం మీద ఎనిమిది అంకె ఆకారంలో తిరగడం, కారును హెచ్ ఆకారపు దారిలో వెనక్కి నడపడం తనిఖీ అధికారి ఎదుట చేసి చూపవలసిందే. సెన్సార్లు, కెమెరాలు అమర్చిన ట్రాకులు ఈ పరీక్షలోనూ మనిషి అంచనాను తగ్గిస్తాయి. అయినా దరఖాస్తుదారు ట్రాకు దాకా రాక తప్పదు.

2019 వరకు రవాణా వాహనం నడిపేవారికి ఎనిమిదో తరగతి తప్పనిసరి. ఆ నియమం తొలగించాక, లారీ మీద క్లీనరుగా మొదలై స్టీరింగు నేర్చుకున్న, బడి చదువు లేని వారికి లైసెన్సు దారి తెరుచుకుంది. కాని వారు దాటవలసిన మొదటి మెట్టు తెర మీద చదివి రాసే పరీక్ష. సీతంపేట, కురుపాం కొండల్లో సవర మాతృభాషగా ఉన్నవారికి, ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలకు తెలుగు తెర కూడా రెండో భాషే. ప్రశ్నను వినిపించే ఏర్పాటు, గుర్తులతో జవాబు చెప్పే వీలు ఇక్కడి పరీక్ష యంత్రాలకు అలంకారం కాదు, అవసరం.

సొంత బండి, రవాణా వాహనం (చూ. జీవితకాల పన్ను; సాలూరు లారీ పరిశ్రమ)

అమెరికాలోని కియోస్కులను చూసినవారు అలాంటివి శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో ఎందుకు లేవని అడగవచ్చు. దీనికి సమాధానం సాంకేతికతలో కంటే పన్ను విధానంలో ఉంది. కాలిఫోర్నియా, జార్జియా రాష్ట్రాల్లో సొంత కారు రిజిస్ట్రేషనును ఏటా రెన్యువల్ చేయించి, నంబరు పలక మీద ఆ ఏటి స్టిక్కరు అతికించాలి. కాలిఫోర్నియా మోటారు వాహన శాఖ కియోస్కులు, జార్జియాలో క్రోగర్ సూపర్‌మార్కెట్లలో పెట్టిన కియోస్కులు ఆ స్టిక్కరును అక్కడికక్కడే అచ్చువేసి ఇస్తాయి. జార్జియాలోని అట్లాంటా శివార్లలో స్థిరపడిన తెలుగువారికి కూరగాయలతో పాటు కారు స్టిక్కరు కూడా ఇంటికి తెచ్చుకోవడం మామూలు పని. దుబాయి రోడ్లు, రవాణా సంస్థ కూడా ఏటా చేయించవలసిన వాహన రెన్యువల్ కోసమే కియోస్కులు పెట్టింది. ఏటా రావలసిన పని, చేతికి అందవలసిన వస్తువు అనే రెండూ ఉన్నచోట పెట్టె యంత్రం నిలదొక్కుకుంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో సొంత మోటారు సైకిలుకు, కారుకు కొన్నప్పుడే జీవితకాల పన్ను కడతారు. ఆర్‌సీ పదిహేనేళ్లు చెల్లుతుంది. ముప్పై ఏళ్ల లోపు వయసులో తీసుకున్న లైసెన్సు నలభై ఏళ్లు వచ్చే వరకు, ముప్పై నుంచి యాభై మధ్య తీసుకున్నది పదేళ్లు చెల్లుతుంది. అంటే మామూలు బైకు యజమానికి రవాణా శాఖతో పని ఏళ్ల తరబడి ఉండదు. ఎప్పుడో ఒకసారి వచ్చే పనికి యంత్రం కంటే తెలిసిన మనిషి నయమని జనం నెట్ సెంటరుకు వెళ్లడం సహజం.

రవాణా వాహనాల సంగతి వేరు. సాలూరు లారీ యజమానుల పట్టణం. రాయపూర్ నుంచి విజయనగరానికి వచ్చే జాతీయ రహదారి మీద, ఘాటు దిగువన ఉండడం వల్ల ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరకు రవాణాతో పెరిగింది. అక్కడ లారీల కొనుగోలు, అమ్మకం, బాడీ కట్టడం, మరమ్మతులు కుటుంబాల జీవనాధారం. లారీకి మూడు నెలలకోసారి పన్ను, పర్మిట్లు, జాతీయ పర్మిటు రుసుము, కొత్త బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ తప్పవు. డ్రైవరు లైసెన్సులోని రవాణా తరగతిని అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. స్వయంసేవకు నిజమైన నిత్య ఖాతాదారులు లారీ యజమానులే. లారీ ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ దగ్గర ఉండగానే పన్ను కట్టి రసీదును డ్రైవరు ఫోనుకు పంపడం ఇప్పుడు నిమిషాల పని. ఇచ్ఛాపురం దగ్గరి పురుషోత్తపురం చెక్‌పోస్టులో పత్రాలు పట్టుకుని వరుసలో నిలబడే పని కూడా ఆన్‌లైన్ చెల్లింపులతో తగ్గింది. ఫిట్‌నెస్ పరీక్ష మాత్రం బండిని తీసుకెళ్లి చేయించవలసిందే. ఈ పరీక్షను యంత్రాలతో బ్రేకులు, లైట్లు, పొగ పరీక్షించే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల వైపు కేంద్ర నిబంధనలు దశలవారీగా మార్చుతున్నాయి.

సరిహద్దు, వలస (చూ. నిరభ్యంతర పత్రం, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు)

ఈ ప్రాంతంలో ఎక్కువ చిక్కులు తెచ్చే పని రాష్ట్రం మారిన బండిది. పాతపట్నానికి ఒడిశాలోని పర్లాకిమిడి పక్క ఊరే. గజపతి జిల్లా ఓడీ 20, గంజాం ఓడీ 07, రాయగడ ఓడీ 18 బండ్లు ఇటు తిరగడం, ఇక్కడి బండ్లు అటు తిరగడం నిత్యకృత్యం. హైదరాబాదు, చెన్నైలకు వలస వెళ్లిన కుటుంబాలు అక్కడ కొన్న బైకులను పండక్కి తెచ్చి ఇంటి దగ్గరే వదిలేస్తాయి. చట్టం ప్రకారం బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంటే అక్కడ కొత్తగా నంబరు వేయించాలి. దానికి మొదటి ఆఫీసు నుంచి ఫారం 28లో నిరభ్యంతర పత్రం, ఫైనాన్సు ఉంటే వారి అంగీకారం, బండి వయసును బట్టి ఇక్కడి జీవితకాల పన్ను కావాలి. నిరభ్యంతర పత్రం ఆన్‌లైన్‌లో వస్తుంది. ఆధార్‌కు పాత ఫోను నంబరే ఉండిపోయినవారికి అక్కడే పని ఆగిపోతుంది. మొదట చేయించుకోవలసింది ఆధార్‌లో నంబరు మార్పు, తరువాతే రవాణా శాఖ పని.

వేటకు గుజరాత్ తీరానికి వెళ్లే మత్స్యకారులు, గల్ఫ్ దేశాలకు వెళ్లే, శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ప్రాంతపు యువకులు నెలల తరబడి ఊళ్లో ఉండరు. బండి ఒకరి పేరున, ఓటీపీ వచ్చే ఫోను మరో రాష్ట్రంలో, కాగితాలు భార్య దగ్గర ఉండే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. యజమాని చనిపోతే బండిని వారసుల పేరుకు మార్చే పని కూడా ఇలాగే చిక్కుబడుతుంది. విదేశాలకు సందర్శనకు వెళ్లేవారికి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు 1,000 రూపాయల ఫీజుతో ఏడాది గడువుకు ఇస్తారు. విదేశంలో ఉండగా దాని గడువు తీరితే భారత దౌత్య కార్యాలయం ద్వారా మళ్లీ కోరే వీలును 2021లో కల్పించారు.

పరిమితులు

యంత్రానికి కరెంటు, నెట్ ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ తరువాత ఉద్దానంలో స్తంభాలు కూలి కరెంటు, ఫోను సంకేతాలు రోజుల తరబడి లేవు. తుపాను తాకే కోస్తాలో పత్రాలు ఫోనులో మాత్రమే ఉంటే చాలదన్నది అప్పటి అనుభవం. బ్యాటరీతో నడిచే ఏర్పాటు, నెట్ లేకపోయినా దరఖాస్తును దాచి తరువాత పంపగల పద్ధతి ఇక్కడ పెట్టే ఏ కియోస్కుకైనా ఉండాలి. కొండ గ్రామాల్లో సంకేతం అందక ఓటీపీ గడువు దాటడం మామూలు రోజుల్లోనూ ఉంది.

పేర్ల తేడా మరొక అడ్డంకి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాత లైసెన్సులో వెనుక, ఆర్‌సీలో ఒక్క అక్షరంగా ఉంటే తెర వాటిని ముగ్గురు మనుషులుగా చూస్తుంది. కౌంటరు దగ్గర అధికారి చూసి సరిపెట్టగలిగిన దాన్ని యంత్రం తిరస్కరిస్తుంది. 1990ల నాటి చేతిరాత లైసెన్సులు కంప్యూటరుకు ఎక్కనివారు ముందు ఆఫీసుకు వెళ్లి పాత రికార్డును చేర్పించుకోవాలి. వృద్ధులకు, చూపు తగ్గినవారికి, దివ్యాంగులకు ఆఫీసు కౌంటరు తెరిచే ఉంచడం స్వయంసేవకు వ్యతిరేకం కాదు. అది లేకపోతే స్వయంసేవ కొందరికే సేవ అవుతుంది.

భద్రత (చూ. సైబరు నేరాలు)

సాయం చేసే ఆపరేటరుకు ఓటీపీ చెప్పడం తప్పనిసరైన చోట నమ్మకమే రక్షణ. దరఖాస్తులో తన నంబరుకు బదులు ఆపరేటరు నంబరు పడిందో లేదో యజమాని చూసుకోవాలి. పడితే తరువాతి ప్రతి పనికీ ఆ ఆపరేటరు మీదే ఆధారపడవలసి వస్తుంది. బండి అమ్మినవారు యాజమాన్య బదిలీ పూర్తయిందో లేదో ఎంపరివాహన్‌లో తామే చూసుకోవచ్చు. అది పూర్తికాకుండా బండి ప్రమాదానికి గురైతే రికార్డులో ఉన్న పాత యజమాని మీదికి బాధ్యత వస్తుంది.

చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లు ఇటీవలి మోసాల్లో ముఖ్యమైనవి. బండి నంబరు, జరిమానా మొత్తం చూపించి, పరివాహన్ పేరు పెట్టిన ఏపీకే ఫైలును ఫోనులో వేసుకోమంటాయి. వేసుకుంటే ఫోనుకు వచ్చే ఓటీపీలు నేరగాళ్లకు చేరి ఖాతాలోని సొమ్ము పోతుంది. అసలైన ఎంపరివాహన్‌ను యాప్ స్టోరు నుంచే తీసుకోవాలి. చలానా ఉందో లేదో పరివాహన్ పోర్టల్‌లో బండి నంబరు వేసి చూసుకోవాలి. సొమ్ము పోయినట్టు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే అది చేతులు మారకముందే ఖాతాలో నిలిపివేసే అవకాశం ఉంటుంది.